ఎనిమిది గళ్ళ పట్టిక: నా జర్మన్ ప్రాజెక్టు డైరీ

1వ రోజు

మా ఇంటికొచ్చే ఆఫీసు ఉత్తరాల మీద మా ఆయన పేరుకు ముందు ‘హెర్న్’ అని ఉంటుంది. ‘హెర్’ అంటే శ్రీ అనో గారు అనో జర్మనీకొచ్చిన వారానికే తెలిసిపోతుంది. మరి ఆ చివర ‘ఎన్’ ఏమిటి? మొదటి ఉత్తరంలో అచ్చుతప్పు అనుకున్నాను. ఆరో ఉత్తరం మీద కూడా అదే ఉంటే తప్పు వాళ్ళది కాదు, నాదే అని అర్థమైంది.

క్లాసులో అడిగాను. అది ద్వితీయా విభక్తి అట. పూర్వం చిరునామా ముందు ‘అన్’ అని రాసేవారు, అంటే ‘ఫలానా గారికి’ అని. ఆ ‘అన్’ ఎప్పుడో రాలిపోయింది, అది తెచ్చిన విభక్తి మాత్రం కవరు మీద అలాగే ఉండిపోయింది.

లైప్‌జిగ్ వచ్చి ఏడాది కావస్తోంది. అంతకు ముందు హైదరాబాదులో ఎనిమిదేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. ఇప్పుడు ఉద్యోగం లేదు, బి1 అనే జర్మన్ భాషా పరీక్ష టెన్షన్ ఉంది, చేతిలో లాప్‌టాప్ ఉంది. అందుకని ఒక చిన్న పైథాన్ ప్రోగ్రాం రాద్దామనుకున్నాను. జర్మన్ నామవాచకం ఒకటి ఇస్తే నాలుగు విభక్తులు, రెండు వచనాలు, మొత్తం ఎనిమిది గళ్ళు నింపి ఇవ్వాలి. క్లాసులో నా పక్కన కూర్చునే కరీంనగర్ అమ్మాయి ఇక్కడ ఒక ఆస్పత్రిలో నర్సు. విషయం చెప్పగానే “జల్దీ చెయ్యి అక్కా, రిపోర్టు రాసుడు మస్తు కష్టమైతుంది” అంది. అలా మొదటి యూజరు కూడా దొరికింది.

2వ రోజు

కోడు ముట్టుకోలేదు. కాగితం మీద గీతలు గీసి, చేత్తో మూడు పట్టికలు నింపాను. ప్రథమ, ద్వితీయ, చతుర్థి, షష్ఠి, ఇవీ నాలుగు విభక్తులు. మన ఏడుతో పోలిస్తే సుఖమే అనిపించింది.

‘మన్’ అంటే మగమనిషి. ఏకవచనంలో మన్, మన్, మన్, మన్నెస్. బహువచనంలో మెన్నర్, మెన్నర్, మెన్నర్న్, మెన్నర్.

‘ఫ్రౌ’ అంటే ఆడమనిషి. ఫ్రౌ, ఫ్రౌ, ఫ్రౌ, ఫ్రౌ. బహువచనంలో ఫ్రౌయెన్ నాలుగుసార్లు.

‘కింట్’ అంటే పిల్లవాడో పిల్లో. కింట్, కింట్, కింట్, కిండెస్. బహువచనంలో కిండర్, కిండర్, కిండర్న్, కిండర్.

పెన్ను పక్కన పెట్టి కాసేపు చూశాను. ఎనిమిది గళ్ళన్నమాటే గానీ మాట మారింది ఎక్కడ? స్త్రీలింగానికి ఏకవచనంలో ఏ మార్పూ లేదు. మిగతా రెండు లింగాలకు షష్ఠిలో ఒక ‘ఎస్’ చేరింది. బహువచనంలో చతుర్థికి మాత్రం ఒక ‘ఎన్’ తోడైంది. అంతే. జర్మన్ విభక్తులంటే జడుసుకునేది ముందున్న ఆర్టికల్ (ఇంగ్లీషు ‘ద’ లాంటిది) వల్ల. డేర్ మన్, డేన్ మన్, డేమ్ మన్, డెస్ మన్నెస్. పల్లకీ మోసేది ఆ ముందున్న బుల్లి మాట, మన్ గారు లోపల కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటారు.

మన దగ్గర అంతా తోకలోనే. మనిషి, మనిషిని, మనిషికి, మనిషితో. అందుకే క్లాసులో తెలుగువాళ్ళం అందరం ఒకే తప్పు చేస్తున్నామనుకుంటా. చెవి మాట చివరను వెతుకుతుంది, ముందరి ‘డేన్’ను వదిలేస్తుంది. నా విషయంలో మాత్రం ఇది ఖాయం.

3వ రోజు

విభక్తి చిన్న పనే, బహువచనమే అసలు పని. అందుకని ముందు దాన్ని పట్టుకున్నాను.

బహువచనానికి జర్మన్‌లో దారులు చాలా ఉన్నాయి. ‘టాగ్’ (రోజు) టాగె అవుతుంది. కింట్ కిండర్ అవుతుంది. ఫ్రౌ ఫ్రౌయెన్ అవుతుంది. ‘ఔటో’ (కారు) ఔటోస్ అవుతుంది. ‘లేరర్’ (ఉపాధ్యాయుడు) లేరర్‌గానే ఉండిపోతుంది. ఇవి చాలక కొన్నింటికి లోపలి అచ్చు నెత్తిన రెండు చుక్కలు పడతాయి, ఉమ్లౌట్ అంటారు. ‘ఆప్ఫెల్’ ఎప్ఫెల్ అవుతుంది, ‘గార్టెన్’ గెర్టెన్ అవుతుంది. చివర ఏమీ చేరలేదు, చుక్కలే బహువచనం.

చుక్కలు పెట్టే ఫంక్షన్ రాశాను. మాటలో మొదట కనిపించే ఏ, ఓ, యు అక్షరాల్లో ఒకదాని మీద చుక్కలు పెట్టు, అంతే అనుకున్నాను. ‘క్రాంకెన్‌హౌస్’ (ఆస్పత్రి) ఇచ్చాను. చుక్కలు ‘క్రాంకెన్’ మీద పడ్డాయి. అది రోగుల భాగం, మారాల్సింది చివరి ‘హౌస్’. జర్మన్‌లో ఎన్ని మాటలు అతికించినా లింగమూ బహువచనమూ ఆఖరి మాటవే. సరేనని మొదటిది కాదు, ఆఖరిది అని మార్చాను. ఈసారి ‘హౌస్’లో ఏ, యు పక్కపక్కన ఉంటే చుక్కలు యు మీద పడ్డాయి. పడాల్సింది ఏ మీద, అప్పుడే అది ‘హోయ్జర్’ అని పలుకుతుంది. ఆ జంటను ఒకే అక్షరంగా చూడమని ఇంకో షరతు చేర్చాను. తర్వాత ‘జాల్’ (హాలు) వచ్చింది. అందులో ఏ రెండుసార్లు ఉంటుంది. నా ప్రోగ్రాం ఒక ఏ ఉత్తగా, ఒక ఏ చుక్కలతో రాసింది. అసలు రూపం ‘జేలె’లో ఒక్కటే ఏ, దానికి చుక్కలు.

మూడు షరతులు, మూడు అతుకులు. రాత్రి పదకొండైంది.

4వ రోజు

ఇవాళ బుర్ర తినేసిన సంగతి ఒకటి. క్లాసు పీడీఎఫ్ నుంచి మాటలు కాపీ చేసి పరీక్షకు పెట్టాను. ‘మెన్నర్’ తప్పు అని వస్తోంది. వచ్చిన జవాబు ‘మెన్నర్’, రావలసినదీ ‘మెన్నర్’. స్క్రీన్ మీద రెండూ కవలల్లా ఉన్నాయి. గంటన్నర కొట్టుకున్నాక పొడవు కొలిచాను. నాది ఆరు అక్షరాలు, పీడీఎఫ్‌ది ఏడు.

సంగతేమిటంటే చుక్కల ఏను యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. మొత్తం ఒకే అక్షరంగా ఒకటి, ఉత్త ఏ తర్వాత చుక్కలను విడిగా తగిలించి ఇంకొకటి. కంటికి తేడా లేదు, కంప్యూటరుకు ఉంది. తెలుగు టైపు చేసేవాళ్ళకు ఇది కొత్త కూడా కాదు. మన ‘కి’లో క ఒకటి, గుడి ఒకటి, లెక్కకు రెండు. అది తెలిసి కూడా గంటన్నర పోగొట్టుకున్నాను. పైథాన్‌లో యూనికోడ్ రూపాలను ఒకే తీరుకు తెచ్చే సదుపాయం ఉంది. ఫైలు చదవగానే అన్నిటినీ, చుక్కలతో కలిపి ఒకే అక్షరంగా ఉండే ఎన్‌ఎఫ్‌సి రూపానికి మార్చమని ఒక వరుస చేర్చాను, పోయింది.

6వ రోజు

వంద మాటలు తీసుకుని బహువచనం ఊహించే నియమాలన్నీ కలిపి నడిపాను. అరవై మూడు ఒప్పు.

ఒప్పులు ఎక్కడొచ్చాయో చూస్తే ముచ్చటేసింది. ‘ఉంగ్’తో ముగిసేవి, ‘హైట్’, ‘కైట్’, ‘షాఫ్ట్’తో ముగిసేవి అన్నీ స్త్రీలింగాలు, అన్నిటికీ ‘ఎన్’. ‘ఇన్’తో ముగిసే ఆడవాళ్ళ వృత్తులకు ‘ఇన్నెన్’. ‘షెన్’తో ముగిసే ముద్దు మాటలకు మార్పే లేదు. ‘ఎ’తో ముగిసే స్త్రీలింగాలకు ‘ఎన్’ తగిలిస్తే దాదాపుగా గురి తప్పదు.

తప్పులన్నీ చిన్న మాటల దగ్గరే. హుంట్, ముంట్, గ్రుంట్ మూడూ పుంలింగాలే, మూడూ ప్రాస కలిసేవే. కుక్క, నోరు, కారణం. బహువచనాలు చూడండి: హుండె, మ్యుండర్, గ్ర్యుండె. ఒకదానికి చుక్కల్లేవు, ఒకదానికి చుక్కలూ ‘ఎర్’, ఒకదానికి చుక్కలూ ‘ఎ’. ఇందులో నియమం కోసం వెతికితే నేతి బీరకాయలో నెయ్యి వెతికినట్టే.

కోపమొచ్చింది. తర్వాత మన భాష గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఇల్లు ఇంటి అవుతుంది, విల్లు వింటి అవుతుంది. మరి కల్లు? కల్లు ముంతే గానీ కంటి ముంత కాదు కదా! ‘కంటి’ ఎప్పుడో కన్ను ఎత్తుకుపోయింది. చిన్నప్పుడు ఔపవిభక్తికాలని ఇ, టి, తి వల్లె వేయించారు గానీ ఏ మాటకు ఏది వస్తుందో ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. అమ్మ ‘ఇంట్లో’ అంటే విన్నాం, అన్నాం.

7వ రోజు

నర్సమ్మ ఫోన్. వార్డులో తన రిపోర్టు దిద్ది ఇచ్చారట. “పాట్సియెంట్ అని రాసిన, పాట్సియెంటెన్ అని దిద్దిన్రు. ఉన్నది ఒక్కడే పేషెంటు. గీ ఎన్ను ఏడికెళ్ళి వచ్చింది అక్కా?”

వచ్చేసింది మా హెర్న్ గారి చుట్టం. పుంలింగాల్లో ఒక జట్టు ఉంది, వీటిని బలహీన నామవాచకాలంటారు. ఏకవచనం ప్రథమలో తప్ప మిగతా అన్ని గళ్ళలోనూ ‘ఎన్’ పట్టుకునే తిరుగుతాయి. డేర్ పాట్సియెంట్, డేన్ పాట్సియెంటెన్, డేమ్ పాట్సియెంటెన్, డెస్ పాట్సియెంటెన్. బహువచనమూ పాట్సియెంటెన్. ఒక్కడా పదిమందా అనేది ఆర్టికల్‌ను చూసే తెలుసుకోవాలి. అసలు చిక్కేమిటంటే ‘డేన్ పాట్సియెంటెన్’ అన్నది ఏకవచన ద్వితీయ కూడా అవుతుంది, బహువచన చతుర్థి కూడా అవుతుంది. అప్పుడు ఆర్టికల్‌ కూడా చేతులెత్తేస్తుంది, క్రియను అడగాలి.

ఈ జట్టులో ఎవరెవరున్నారంటే, ‘ఎ’తో ముగిసే మగజీవాలు: యుంగె (అబ్బాయి), కొల్లేగె (తోటి ఉద్యోగి), ల్యోవె (సింహం). పరాయి భాషల నుంచి వచ్చిన ‘ఎంట్’, ‘అంట్’, ‘ఇస్ట్’ వాళ్ళు: ష్టుడెంట్, ప్రాక్టికాంట్, పొలిత్సిస్ట్. తోక చూసి చెప్పలేనివి మెన్ష్ (మనిషి), హెల్ట్ (వీరుడు), బేర్ (ఎలుగుబంటి), మన హెర్. ఈ హెర్ కూడా తిన్నగా ఉండదు. ఏకవచనంలో హెర్న్, బహువచనంలో హెర్రెన్. ఒక్క అచ్చు తేడా.

మాట్లాడేటప్పుడు జర్మన్లే కొందరు ‘డేమ్ ష్టుడెంట్’ అని వదిలేస్తారు. రిపోర్టులో రాస్తే మాత్రం దిద్దుతారు. ఆస్పత్రి రిపోర్టులో పేషెంటు లేని వాక్యం ఉండదు కాబట్టి ఈ ఒక్క మాట నేర్చుకుంటే సగం ఎర్రసిరా తగ్గుతుందని చెప్పాను. “జైట్ త్స్వై టాగెన్” కూడా చెప్పాను, రెండు రోజులుగా అని. అక్కడి ‘ఎన్’ వేరే సంగతి, బహువచన చతుర్థిది. నొప్పి ఎన్ని రోజుల నుంచో, జ్వరం ఎన్ని గంటల నుంచో రోజూ రాయాలిగా.

9వ రోజు

రోజంతా కోడు రాయలేదు, నిఘంటువు తిరగేశాను. అక్కడే దొరికింది.

ఏ మంచి జర్మన్ నిఘంటువులోనైనా నామవాచకం పక్కన లింగం, తర్వాత రెండు చిన్న ముక్కలు ఉంటాయి. మన్ పక్కన పుంలింగమని, ‘ఎస్’ అని, ‘మెన్నర్’ అని. ఇన్నాళ్ళూ వాటిని చూసి దాటేశాను. మొదటి ముక్క ఏకవచన షష్ఠి, రెండోది బహువచన ప్రథమ. ఈ రెంటికీ లింగం కలిపితే ఎనిమిది గళ్ళూ నింపేయొచ్చు.

స్త్రీలింగమా? ఏకవచనం నాలుగు గళ్ళలో ఉన్న మాటే. షష్ఠి ‘ఎస్’తో ముగిసిందా? మామూలు మాట, మిగతా మూడు గళ్ళు మారవు. ‘ఎన్’తో ముగిసిందా? బలహీన జట్టు, ద్వితీయ చతుర్థులకూ అదే పెట్టు. బహువచనం నాలుగు గళ్ళలో ఇచ్చిన రూపమే, చతుర్థికి ‘ఎన్’ చేర్చు. అప్పటికే ‘ఎన్’ గానీ ‘ఎస్’ గానీ ఉంటే వదిలేయి.

లింగమూ ఆ రెండు ముక్కలూ ఒక ఫైలులో ఎక్కించుకుంటే చాలు, చుక్కలు పెట్టే ఫంక్షన్ అవసరం లేదు. హోయ్జర్ అని ఫైలులోనే ఉంటే హౌస్‌ను నేను ఎందుకు వండాలి? మూడో రోజు రాత్రి పదకొండు దాకా వేసిన అతుకులన్నీ తీసేశాను. రెండొందల పది వరుసల ప్రోగ్రాం నలభైకి దిగింది. టెస్టింగులో ఉన్నన్నాళ్ళూ డెవలపర్లు తమ కోడు తీసేయడానికి ఎందుకంత ఏడుస్తారా అనుకునేదాన్ని. నిజంగానే ఏడుపొస్తుంది.

ఆ ఊహించే నియమాల్లో గురి తప్పనివి నాలుగైదు మాత్రం ఉంచాను. ఫైలులో బహువచనం గడి ఖాళీగా ఉంటే ప్రోగ్రాం ఊహిస్తుంది, ఊహించింది ఎర్ర రంగులో చూపిస్తుంది. ఎరుపు కనబడితే నిఘంటువు తెరవాలి.

10వ రోజు

‘వీజుమ్’ ఇచ్చాను. బహువచనం ‘వీజా’ అని ఫైలులో ఉంది. అవును, మనం వీసా వీసా అని కలవరించేది జర్మన్లకు బహువచనం, ఒకటైతే వీజుమ్. ప్రోగ్రాం చతుర్థిలో ‘వీజాన్’ అని రాసి ఇచ్చింది. లేని మాట. ‘ప్రాక్టికుమ్’ (ఇంటర్న్‌షిప్) బహువచనం ప్రాక్టికా, దానికీ అదే గతి. అంటే నేను నియమాన్ని తలకిందులుగా రాశాను. ‘ఎన్’, ‘ఎస్’ లేకపోతే చేర్చు అనడం కాదు, రూపం ‘ఎ’, ‘ఎల్’, ‘ఎర్’తో ముగిస్తేనే చేర్చు అనాలి. మార్చాక వీజా వీజాగానే నిలిచింది.

తర్వాత ‘నామె’ (పేరు). షష్ఠి నామెన్స్. ‘ఎస్’తో ముగిసింది కాబట్టి మామూలు మాట అనేసుకుంది ప్రోగ్రాం. కానీ ఇది రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మాట, డేన్ నామెన్, డేమ్ నామెన్, డెస్ నామెన్స్. బలహీనుల ‘ఎన్’ ఉంది, మామూలువాళ్ళ ‘ఎస్’ కూడా ఉంది. గెడాంకె (ఆలోచన), విల్లె (సంకల్పం), బూఖ్‌ష్టాబె (అక్షరం) ఇదే కోవ. షష్ఠిలో అసలు మాటకు ‘ఎన్’, ‘ఎస్’ రెండూ కొత్తగా చేరాయా అని చూడాలి. గార్టెన్, గార్టెన్స్‌లో ‘ఎన్’ పుట్టుకతోనే ఉంది, అది వేరు.

ఈ కోవలో నపుంసకం ఒక్కటే, ‘హెర్ట్స్’, గుండె. ద్వితీయలో హెర్ట్స్‌గానే ఉంటుంది, చతుర్థిలో హెర్ట్సెన్, షష్ఠిలో హెర్ట్సెన్స్. దీని ఒక్కదాని కోసం నియమం రాయడం దండగ. నాలుగు గళ్ళూ చేత్తో నింపి, ‘గుండె మినహాయింపు’ అని కామెంటు పెట్టాను.

13వ రోజు

శనివారం. బంధువులొస్తే బెర్లిన్ తీసుకెళ్ళాం. రైష్‌టాగ్ పార్లమెంటు భవనం ముందు అందరూ ఫొటోలు దిగుతుంటే నేను ముఖద్వారం పైన ఉన్న అక్షరాలు చదువుతున్నాను: డేమ్ డాయ్‌చెన్ ఫోల్కె. జర్మన్ జాతికి, అని చతుర్థి. ‘ఫోల్క్’ కదా మాట, చివర ‘ఎ’ ఏమిటి?

అది పాత చతుర్థి. ఒకప్పుడు పుంలింగ, నపుంసక మాటలకు ఏకవచన చతుర్థిలో ఒక ‘ఎ’ చేరేది. ఈ అక్షరాలు పెట్టింది 1916లో, రూపం గీసింది పేటర్ బేరెన్స్ అనే వాస్తుశిల్పి. ఇవాళ రాస్తే మామూలుగా ‘డేమ్ ఫోల్క్’ అనే రాస్తారు. ఆ ‘ఎ’ వాడుకలోంచి జారిపోయినా కొన్ని మాటల్లో పాతుకుపోయింది. రోజూ అందరూ అనే ‘త్సు హౌజె’ (ఇంట్లో)లో ఉన్నది అదే. నేనూ వచ్చిన మొదటి రోజు నుంచీ అంటున్నాను, అది చతుర్థి అని తెలియకుండా.

ఆ భవనం లోపలి ఉత్తర ఆవరణలోనే ఇంకో రాత ఉంది, 2000లో హాన్స్ హాకె అనే కళాకారుడు పెట్టినది: డేర్ బెఫ్యోల్కెరుంగ్. జనాభాకు, అక్కడ నివసించే ప్రజలందరికీ, అని. బయట ఫోల్క్ అంటే జాతి, లోపల బెఫ్యోల్కెరుంగ్ అంటే ఉన్నవాళ్ళంతా. దాని మీద పార్లమెంటులో పెద్ద చర్చే జరిగింది. నా బుద్ధి మాత్రం వ్యాకరణం మీదికే పోయింది. అదీ చతుర్థే, కానీ స్త్రీలింగం కాబట్టి మాట చివర ఏమీ మారలేదు. మారింది ఆర్టికలే, ‘డీ’ పోయి ‘డేర్’ వచ్చింది. ‘డేర్’ అంటే పుంలింగం అని మొదటి పాఠంలో వల్లె వేసినవాళ్ళెవరైనా ఇక్కడ పప్పులో కాలేస్తారు.

వదిన “ఏంటే అలా గోడకేసి చూస్తున్నావు, ఫొటోకి రా” అని పిలిచింది. వెళ్ళాను. ఇంటికొచ్చి పట్టికలో పాత చతుర్థి కోసం ఒక గడి చేరుద్దామా అని ఆలోచించి, వద్దనుకున్నాను. పరీక్షలో అడగరు.

15వ రోజు

ఒకే మాటకు రెండు బహువచనాలున్నవాటికి ఫైలులో రెండు వరుసలు పెట్టాను. ‘బాంక్’ అంటే కూర్చునే బల్ల అయితే బెంకె, డబ్బుల బ్యాంకు అయితే బాంకెన్. ‘ముట్టర్’ అంటే అమ్మ అయితే మ్యుట్టర్, బోల్టుకు బిగించే నట్టు అయితే ముట్టర్న్. మెకానికల్ చదివిన మా ఆయనకు రెండోదే ముందు వచ్చట.

ఒకే వచనం ఉన్నవాటికి సగం పట్టికే వచ్చేలా చేశాను. ‘ఎల్టర్న్’ (తల్లిదండ్రులు), ‘లాయ్టె’ (జనం) బహువచనమే. ‘ఓబ్‌స్ట్’ (పండ్లు), ‘మిల్ష్’ (పాలు) ఏకవచనమే. మనకు పాలు, నీళ్ళు బహువచనం. ‘పాలు ఉన్నాయి’ అంటాం. క్లాసులో ఒకసారి మిల్ష్‌కు బహువచన క్రియ పెట్టి అందరినీ నవ్వించింది నేనే.

18వ రోజు

మూడొందల మాటలు, అన్నీ పచ్చగా, అంటే పరీక్షలో ఒప్పుగా, వచ్చాయి. ప్రింటు తీసి, అట్టలు కత్తిరించి, నర్సమ్మకు యాభై కార్డుల కట్ట ఇచ్చాను. పుంలింగానికి నీలం, స్త్రీలింగానికి ఎరుపు, నపుంసకానికి ఆకుపచ్చ. కార్డు మీద ఎనిమిది గళ్ళు లేవు. లింగం, షష్ఠి, బహువచనం, ఈ మూడే. మాట మారే గడి ఇంకేదైనా ఉంటే దాన్ని పసుపు గీతతో గుర్తు పెట్టాను. చాలా కార్డులకు ఒకే ఒక్క పసుపు గీత ఉంది, బహువచన చతుర్థి దగ్గర.

20వ రోజు

పొద్దున్నే మెసేజ్. “అక్కా, నీ కార్డు మీద ‘అంగెహ్యోరిగె’ అని ఉంది. వార్డుల అందరు ‘ఐన్ అంగెహ్యోరిగర్’ అంటున్రు. ఎవరిది తప్పు?”

అంగెహ్యోరిగె అంటే పేషెంటు తాలూకు మనిషి. ‘ఎ’తో ముగిసే మగమనిషి, షష్ఠి అంగెహ్యోరిగెన్, బహువచనం అంగెహ్యోరిగెన్. నా ప్రోగ్రాం యుంగె పక్కన కూర్చోబెట్టింది, ఎనిమిది గళ్ళూ సరిగ్గానే వచ్చాయి. ఎందుకంటే నేను అన్ని గళ్ళకూ డేర్, డేన్, డేమ్, డెస్ పెట్టే పరీక్షించాను. ముందు ‘ఐన్’ (ఒక) పెట్టి ఒక్కసారి కూడా చూడలేదు. ఇది పుట్టుకతో నామవాచకం కాదు, విశేషణం. పెద్దక్షరంతో మొదలై నామవాచకంలా తిరుగుతుంది గానీ మారేది విశేషణం లాగే. డేర్ అంగెహ్యోరిగె, కానీ ఐన్ అంగెహ్యోరిగర్. ఆర్టికల్ తీసేస్తే బహువచనం కూడా అంగెహ్యోరిగె అయిపోతుంది. బేయామ్టె (ప్రభుత్వోద్యోగి), ఫెర్వాంటె (బంధువు), డాయ్‌చె (జర్మన్ మనిషి), అన్నీ ఇదే బాపతు.

ఎనిమిదేళ్ళు ఇతరుల కోడులో ‘ఈ ఒక్క కేసు పరీక్షించలేదేం’ అని అడిగినదాన్ని.

“తప్పు నాదే, ఆ కార్డు పక్కన పెట్టు, ఇంకోటి ఇస్తా” అని జవాబిచ్చాను. ఫైలులో ‘విశేషణమా?’ అని కొత్త గడి తెరిచాను. మూడొందల మాటల్లో ఇలాంటివి ఇప్పటికి పదకొండు దొరికాయి.